‘అదంతా నీ భ్రమ!’

దెయ్యాల సినిమా అనగానే మన ఇళ్ళల్లో సగంమంది ఆడవాళ్ళు ‘అమ్మో, నాకొద్దు బాబూ’ అనేస్తారు. మిగతా సగంమంది దిండు గుండెలకి హత్తుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తూ, చివరిదాకా కదలకుండా కూర్చుంటారు. వద్దన్నవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. మనకి దొరికే దెయ్యాల సినిమాల్లో చాలా భాగం ఒకే అచ్చులో పోసినవి. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, కిర్రుమనే తలుపు, ఉన్నట్టుండి చెవులు చిల్లులుపడేలా ఒక మోత. ఉలిక్కిపడతాం, నిజమే. ఆదమరిచి ఉన్నప్పుడు కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాం. ఉలికిపాటు వేరు, భయం వేరు.

సినిమా అయిపోయి, గిన్నెలు కడిగి బోర్లించి, లైట్లార్పి పడుకున్నాక కూడా ‘ఆ అమ్మాయి స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్ని?’ అని ఆలోచింపజేసేదే అసలు భయం. అలాంటి సినిమాలు లేకపోలేదు. కాకపోతే వాటి పేర్లు మన చెవిన పడటం తక్కువ. కొన్ని పాతవి, కొన్ని పరభాషవి, కొన్ని మన తెలుగువే అయినా పెద్ద హీరోల హడావిడిలో పక్కకి జరిగిపోయినవి. అటువంటివి ఓ ఎనిమిది ఏరి ఈ వారం మీ ముందుంచుతున్నాను.

ఏరేటప్పుడు ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. ఈ సినిమాలన్నింటిలోనూ ఎవరో ఒకరు ఏదో చూస్తారు, లేదా వింటారు. ఎక్కువసార్లు ఆ చూసేది ఆడమనిషే. పక్కనున్నవాళ్ళు నమ్మరు. ‘నిద్ర చాలక అలా అనిపించింది’, ‘నీకు మతిమరుపెక్కువ’, ‘అదంతా నీ భ్రమ’ అంటారు. ఈ మాటలు మనకేమీ కొత్త కాదు కదా! అందుకే ఈ సినిమాలు బొమ్మలా చూసి మరిచిపోయేవి కావు. చివరి మలుపులేమీ నేను చెప్పను, నిశ్చింతగా చదవండి.

గ్యాస్‌లైట్ (ఇంగ్లీషు, 1944)

ముందు వరసలో కూర్చోవలసిన సినిమా ఇది. ఇందులో దెయ్యం లేదు. ఉన్నదల్లా ఒక మొగుడూ, ఒక పెళ్ళామూ, లండన్‌లో ఒక పెద్ద ఇల్లూ.

పౌలా అనే అమ్మాయిని మేనత్త పెంచుతుంది. ఆ మేనత్త పేరున్న గాయని. ఆవిడ తన ఇంట్లోనే హత్యకి గురవుతుంది. ఏళ్ళు గడిచాక పౌలా పెళ్ళి చేసుకుని, భర్త కోరిక మీద అదే ఇంటికి కాపురానికి వస్తుంది. ఇక అక్కణ్ణించి మొదలు. భర్త ఇచ్చిన బ్రూచ్ సంచీలోంచి మాయమవుతుంది. గోడమీద బొమ్మ మాయమవుతుంది. ‘నువ్వే తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయావు’ అంటాడతను. చాలాసార్లు గొంతు హెచ్చించడు. ఎంతో జాలిగా, ఎంతో ప్రేమగా అంటాడు! పనిమనుషుల ముందు అంటాడు. పాట కచేరీలో పదిమంది మధ్య కూర్చున్నప్పుడు తన గడియారం ఆమె సంచీలోంచి తీసి చూపిస్తాడు. ఆ అమ్మాయి అందరిముందూ భోరుమంటుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ‘పాపం, ఆయన ఎలా వేగుతున్నాడో’ అనుకుంటారు.

ఇంతకీ ఆ పేరెందుకొచ్చిందంటే, అప్పట్లో అక్కడి ఇళ్ళల్లో కరెంటు దీపాలు కావు, గొట్టాల్లో వచ్చే గ్యాసుతో వెలిగే దీపాలు. ఇంట్లో ఇంకోచోట దీపం వెలిగిస్తే ఈ గదిలో దీపం కాస్త తగ్గుతుంది. కింద బాత్రూంలో పంపు తిప్పితే మేడమీద వంటింట్లో ధార సన్నబడదూ, అలాగన్నమాట. రోజూ సాయంత్రం భర్త పనుందంటూ బయటికి వెళ్ళగానే పౌలా గదిలో దీపం తగ్గుతుంది. మూసేసిన పైగదిలో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వంటావిడకి సరిగ్గా వినపడదు. పనిపిల్లకి అమ్మగారంటే లెక్కలేదు. మరి సాక్ష్యం ఎవరు చెబుతారు? తనకే పిచ్చెక్కుతోందని పౌలా నిజంగా నమ్మడం మొదలుపెడుతుంది.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఒకటుంది. ఒక సాయంత్రం ఒక పోలీసు అధికారి ఆ గదిలో ఉండగా దీపం తగ్గుతుంది. ‘అవును, తగ్గింది’ అంటాడతను. అంతే. ఆ ఒక్కమాటకి పౌలా మొహంలో కలిగిన మార్పు చూడాలి! కత్తులూ తుపాకులూ ఏవీ అక్కర్లేదు. మరొక మనిషి ‘నాకూ కనపడింది’ అన్నాడు, ఆ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. పౌలాగా వేసిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఈ సినిమాకి ఉత్తమనటిగా ఆస్కార్ వచ్చింది. పొగరుబోతు పనిపిల్లగా వేసిన ఏంజెలా లాన్స్‌బరీకి ఇదే మొదటి సినిమా. దర్శకుడు జార్జ్ కుకోర్.

1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకం దీనికి మూలం. ఇవాళ ఇంగ్లీషులో ‘గ్యాస్‌లైటింగ్’ అనే మాట వినపడుతోందే, ఎదుటివాళ్ళకి వాళ్ళ బుద్ధిమీదే వాళ్ళకి అనుమానం కలిగించడం అనే అర్థంలో, అది పుట్టింది ఈ కథలోంచే. 2022లో అమెరికాలోని మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువాళ్ళు దాన్ని ఆ ఏటి మాటగా ప్రకటించారు కూడా.

భార్గవీ నిలయం (మలయాళం, 1964)

మలయాళంలో తొలి దెయ్యం సినిమా అని చెప్పుకునేది ఇదే. కథా, స్క్రీన్‌ప్లే వైక్కం ముహమ్మద్ బషీర్ రాశారు. దర్శకుడు ఎ. విన్సెంట్. మన ‘ప్రేమనగర్’ (1971), ‘అన్నమయ్య’ (1997) సినిమాలకి కెమెరా పట్టిన ఆయనే. ఇందులో భార్గవి ఎవరనుకున్నారు? విజయనిర్మలగారు! అవును, యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ని 1973లో తెలుగులో సినిమాగా తీసిన విజయనిర్మలే. అత్యధిక చిత్రాలకి దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆవిడ, హీరోయిన్‌గా తొలి అడుగులు వేసిన చిత్రాల్లో ఇదొకటి. 2019లో ఆవిడ కన్నుమూసినప్పుడు తెలుగు సినిమాల గురించే అందరం చెప్పుకున్నాం గానీ ఈ సినిమాని తలుచుకున్నవాళ్ళు తక్కువ.

కథ చూడండి. ఒక రచయిత అద్దెకి ఇల్లు తీసుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు ‘అయ్యో, ఆ ఇంట్లోనా?’ అంటారు. ప్రేమ విఫలమై భార్గవి అనే పిల్ల బావిలో దూకి చచ్చిపోయిందనీ, దెయ్యమై అక్కడే తిరుగుతోందనీ చెబుతారు. ఇతను చేతిలో చిల్లిగవ్వ లేనివాడు, ఇల్లు మారే స్తోమతు లేదు. ఏం చేస్తాడు? దెయ్యంతోనే మంచిగా మాట్లాడటం మొదలుపెడతాడు. ‘ఏమ్మా భార్గవీ’ అని పొరుగింటి పిల్లని పలకరించినట్టు పలకరిస్తాడు. ఆమె కథ రాయడానికి కూర్చుంటాడు. ఊరు చెప్పిన కథ ఒకటి, అతను రాస్తూపోగా బయటపడేది ఇంకొకటి.

ఒక ఆడపిల్ల చచ్చిపోతే ఊరు ఎంత తేలిగ్గా ఒక కారణం అంటగట్టేసి చేతులు దులిపేసుకుంటుందో మనకి తెలుసు. దెయ్యాన్ని తరిమేద్దాం అనుకోకుండా ‘అసలు నీకేం జరిగింది?’ అని అడిగిన మొదటి మనిషి ఆ రచయిత. అరవై ఏళ్ళ కిందటే ఇంత మర్యాదగల దెయ్యం సినిమా వచ్చిందంటే ఆశ్చర్యంగా లేదూ! ఎం.ఎస్. బాబురాజ్ పాటలు భాష తెలియకపోయినా మనసుకి పట్టుకుంటాయి.

వెయిట్ అంటిల్ డార్క్ (ఇంగ్లీషు, 1967)

సూజీకి ప్రమాదంలో చూపు పోయి ఎంతో కాలం కాలేదు. భర్త ఫొటోగ్రాఫర్. న్యూయార్క్‌లో నేలమాళిగలాంటి చిన్న ఫ్లాట్‌లో కాపురం. విమానాశ్రయంలో ఎవరో ఒకావిడ భర్త చేతికి ఒక బొమ్మ ఇస్తుంది. ఆ బొమ్మ కడుపులో మాదకద్రవ్యం ఉందని పాపం ఈ దంపతులకి తెలియదు. దానికోసం ముగ్గురు దుర్మార్గులు వస్తారు. భర్త ఊళ్ళో లేని సమయం చూసి ఒక్కొక్కడూ ఒక్కో వేషంలో వచ్చి, ఆమెకి కనపడదన్న ధీమాతో ఇంట్లో నాటకమాడతారు.

వాళ్ళ లెక్క ఎక్కడ తప్పుతుందంటే, సూజీకి చూపు లేదుగానీ చెవులున్నాయి. వచ్చినవాడు మాటిమాటికీ కిటికీ తెర ఎందుకు తీస్తున్నాడు, ఎందుకు మూస్తున్నాడు? ఇందాక వచ్చిన ముసలాయన జోళ్ళూ, ఇప్పుడు వచ్చిన కుర్రాడి జోళ్ళూ ఒకేలా కిర్రుమంటున్నాయేం? ఇల్లాలికి తన ఇంటి చప్పుళ్ళు ఎంత బాగా తెలుస్తాయో చూపించిన సినిమా ఇంతకంటే వేరే లేదనిపిస్తుంది. ఏ గిన్నె మూత ఎవరు తీశారో పక్కగదిలోంచి చెప్పగలిగే మనకి సూజీ పరాయిది కాదు.

సూజీకి సాయం ఎవరనుకున్నారు? పైవాటాలో ఉండే గ్లోరియా అనే పెంకిపిల్ల. మొదట్లో ఇద్దరికీ పడదు. ఆ తగువులోంచి స్నేహం ఎలా మొలుస్తుందో చూడటం ఒక ముచ్చట. ఆడ్రే హెప్‌బర్న్ ఈ పాత్రకి ఆస్కార్‌కి పోటీపడింది. దర్శకుడు టెరెన్స్ యంగ్. సినిమా విడుదలైనప్పుడు చివరి నిమిషాల్లో హాల్లో లైట్లు వీలైనంతవరకు తగ్గించేసేవారట. మీరూ చివరి పావుగంటకి లైట్లార్పేయండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. రాత్రి మంచినీళ్ళకని ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఈ సినిమా గుర్తొస్తుంది. ఎందుకో చెప్పను!

లె దియాబొలిక్ (ఫ్రెంచి, 1955)

ఇది కాస్త గుండె చిక్కబట్టుకుని చూడవలసింది. పారిస్ దగ్గర మగపిల్లల హాస్టలు స్కూలు. డబ్బు భార్యది, పెత్తనం భర్తది. ఎంత పీనాసి అంటే పాడైపోయిన చేపలు వండించి పిల్లలకి పెట్టిస్తాడు. గొంతుదిగక భార్య కక్కబోతే అందరిముందూ మింగమని కూర్చుంటాడు. ఆ ఒక్క భోజనాల దృశ్యం చాలు, అతని మీద మనకి కసి పుట్టడానికి. భార్యకి గుండెజబ్బు. అదే స్కూల్లో పనిచేసే టీచరు అతని ప్రియురాలు. ఆమెనీ కొడతాడు. కడకి భార్యా, ప్రియురాలూ ఒక్కటై అతన్ని నీళ్ళతొట్టిలో ముంచి చంపుతారు. శవాన్ని తెచ్చి స్కూలు ఈతకొలనులో పడేస్తారు. కొన్నాళ్ళకి కొలను ఖాళీ చేయిస్తే... అందులో శవం లేదు!

ఇక ఆ తరవాత జరిగేదంతా మీరు చూడవలసిందే. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ‘హెడ్‌మాస్టరుగారు నాకు కనపడ్డారు’ అంటాడు ఒక పిల్లాడు. అబద్ధాలాడుతున్నాడని వాణ్ణి శిక్షిస్తారు. పిల్లల మాటకి పెద్దవాళ్ళిచ్చే విలువ ఎంతో చూశారా!

దర్శకుడు ఆన్రీ జార్జ్ క్లూజో. భార్య పాత్ర వేసింది ఆయన సొంత భార్య వెరా. సినిమాలో గుండెజబ్బు మనిషిగా వేసిన ఆమె 1960లో నిజంగానే గుండెపోటుతో పోయింది. సినిమా మొదలయ్యాక హాల్లోకి ఎవర్నీ రానివ్వకూడదని క్లూజో పట్టుబట్టాడు. 1960లో ‘సైకో’కి హిచ్‌కాక్ పెట్టిన నియమమూ అదే. చివర్లో, మలుపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులకి తెరమీద ఒక విన్నపం కూడా వేస్తారు. ఆ మాట నేను నిలబెట్టుకుంటున్నాను.

ది ఇన్నోసెంట్స్ (ఇంగ్లీషు, 1961)

ఇంతవరకూ చెప్పిన కథల్లో ‘నమ్మాల్సిందిరా’ అనిపిస్తుంది. ఈ కథలో మాత్రం నమ్మాలో అక్కర్లేదో తేల్చుకోలేం. అందుకే ఇది కావాలని జతచేశాను.

పల్లెటూళ్ళో పెద్ద భవంతి. తల్లీతండ్రీ లేని ఇద్దరు పిల్లలు. వాళ్ళ బాబాయి లండన్‌లో ఉంటాడు, ‘పిల్లల సంగతి నాదాకా రానివ్వకండి’ అని చెప్పి ఒక టీచరమ్మని పెట్టుకుంటాడు. ఆవిడకి ఆ భవంతిలో చచ్చిపోయిన ఇద్దరు మనుషులు కనిపించడం మొదలవుతుంది. ఆ దుష్టాత్మలు పిల్లల్ని పట్టుకున్నాయని ఆవిడ నమ్మకం. ఇల్లు చూసుకునే పెద్దావిడకి ఏమీ కనిపించదు. పిల్లలు ఏమీ లేదంటారు. మరి దెయ్యాలు నిజంగా ఉన్నాయా, లేక ఒంటరితనంలో, అంత బరువు ఒక్కర్తి నెత్తినా పడ్డ ఆ మనిషి మనసులో ఉన్నాయా?

హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ దీనికి మూలం. జాక్ క్లేటన్ దర్శకత్వం, డెబోరా కెర్ నటన. పట్టపగలు, పచ్చని తోటలో, చెరువుకి ఆవలి గట్టున ఒక మనిషి ఊరికే నిలబడి ఉంటే ఒళ్ళు జలదరిస్తుందని ఈ సినిమా చూశాకే తెలుస్తుంది. ఒక మనిషి మాట కొట్టిపారేయడం ఎంత తప్పో, విచారించకుండా పట్టుకు వేళ్ళాడటమూ అంతే ప్రమాదం. ఆ పిల్లల్ని తలుచుకుంటే ఆ మాట మరీ నిజమనిపిస్తుంది.

కోహ్రా (హిందీ, 1964)

కొత్తపెళ్ళికూతురు కాపురానికి వస్తుంది. ఇల్లు కాదది, కోట. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ చనిపోయిన మొదటి భార్య పూనమ్‌దే. ప్రతి మాటలోనూ ఆమె పేరే. ఇల్లు నడిపే దాయీమా ఈ పిల్లని గడ్డిపోచకింద తీసేస్తుంది. డఫ్నీ డు మారియే నవల ‘రెబెక్కా’ (1938) ఆధారంగా బీరేన్ నాగ్ తీశాడు. ‘రోజులు మారాయి’ (1955)లో నాట్యంతో మనకి దగ్గరైన వహీదా రెహమాన్ పెళ్ళికూతురు. దాయీమాగా లలితా పవార్, చూపుతోనే చంపేస్తుంది! హేమంత్ కుమార్ నిర్మాత, సంగీతమూ ఆయనదే. కొత్తింట్లో అడుగుపెట్టిన రోజు ‘మా పాతకోడలు అయితేనా...’ అన్న మాట పడ్డవాళ్ళకి ఈ సినిమా వేరే వివరించనక్కర్లేదు. కథ పాతదే, నడక నెమ్మదే. అయినా ఆ పొగమంచూ, ఆ తెరలూ, ఆ మెట్లూ కళ్ళముందునుంచి పోవు.

మన భాషలో రెండు

తెలుగులో లేవా అంటారేమో, ఉన్నాయి. చంద్రశేఖర్ యేలేటి తీసిన ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) మళ్ళీ చూడండి. గాయని కావాలని కలలుకనే కాలేజీ పిల్ల సహస్ర ఒక పార్టీకి వెళ్ళొస్తుంది. మర్నాడు లేచాననుకుంటుంది, తీరా చూస్తే మధ్యలో ఒక రోజు మొత్తం ఆమె జ్ఞాపకంలోంచి మాయమైపోయింది. ఆ రోజు ఎక్కడుంది, ఏం చేసింది? తనకి తెలియదు. తనని వెంటాడుతున్నవాళ్ళకి మాత్రం తెలుసు! పార్టీల్లో ఎవరో అందించిన కూల్‌డ్రింకు తాగొద్దని మనం ఆడపిల్లలకి చెబుతాం. ‘జాగ్రత్త’ అని వందసార్లు చెప్పడంకన్నా ఈ సినిమా ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చూపించడం నయం. ఛార్మి సహస్రగా వేసింది. ఆమెకి వచ్చిన మంచి పాత్రల్లో ఇదొకటి.

రెండోది ‘గేమ్ ఓవర్’ (2019). అశ్విన్ శరవణన్ దర్శకుడు, తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. వీడియో గేములు తయారుచేసే స్వప్నకి (తాప్సీ) ఒక చేదు అనుభవం మిగిల్చిన గాయం ఉంది. సరిగ్గా ఏడాది తిరిగొచ్చేసరికి ఆ భయం మళ్ళీ ముంచుకొస్తుంది. చీకటంటే వణుకు. తరవాత కాళ్ళు దెబ్బతిని చక్రాల కుర్చీకి అతుక్కుపోతుంది. సరిగ్గా అప్పుడు ఇంటిమీదకి హంతకులొస్తారు. ఇంట్లో ఉండేది తనూ, ఇంటిపని చూసే కలమ్మా ఇద్దరే. ఈ కలమ్మ పాత్ర కోసమే సినిమా చూడమంటాను. ‘నీకేదో అయింది’ అని దూరం జరగదు, ఉపన్యాసం చెప్పదు. పక్కనే ఉంటుంది. అంతే. కానీ అదెంత పనో సినిమా చూస్తే తెలుస్తుంది. మొదటి దృశ్యాలే భయానకంగా ఉంటాయి, పిల్లలున్నప్పుడు పెట్టొద్దు.

చూసేముందు కాస్త ఆగండి

ఏ సినిమా ఏ ఓటీటీలో ఎప్పుడుంటుందో, ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం. అందుకని పేరుతోపాటు సంవత్సరం కూడా రాసిపెట్టుకుని వెతకండి. సంవత్సరం ఎందుకంటే ఒకే పేరుతో వేరే సినిమాలున్నాయి. ‘గ్యాస్‌లైట్’ పేరుతో 1940లో ఒక బ్రిటిష్ సినిమా ఉంది, అదీ బాగుంటుంది. 2023లో అదే పేరుతో వచ్చిన హిందీ సినిమా కథే వేరు. ‘లె దియాబొలిక్’ని 1996లో హాలీవుడ్ వాళ్ళు మళ్ళీ తీశారు, మీరు చూడవలసింది 1955 నాటిదే. ‘భార్గవీ నిలయం’ కథని 2023లో ‘నీలవెళిచ్చం’ పేరుతో మళ్ళీ తీశారు. ముందు పాతది చూసి తరవాత కొత్తది చూస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది.

నలుపు తెలుపు సినిమాలనగానే పిల్లలు మొహం చిట్లిస్తారు. పది నిమిషాలు ఓపికపట్టమనండి, తరవాత వాళ్ళే కదలరు. ఇంగ్లీషు, ఫ్రెంచి, మలయాళ సినిమాలకి కింద వచ్చే అక్షరాలు తప్పక పెట్టుకోండి. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ చూసే సినిమాలు కావివి. ఒక చూపు, ఒక చప్పుడు జారిపోతే కథ జారిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక, ఫోను పక్కగదిలో పెట్టేసి కూర్చోండి. గుండెజబ్బున్నవాళ్ళూ, బాలింతలూ ‘లె దియాబొలిక్’, ‘గేమ్ ఓవర్’ జోలికి పోకపోవడమే మంచిది. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచకపోతే ‘వెయిట్ అంటిల్ డార్క్’ పెట్టండి. భయమంటే పారిపోయేవాళ్ళకి కూడా అది నచ్చుతుంది.

చివరిగా ఒక మాట. పైన చెప్పిన కథల్లో భయాన్ని తీర్చింది మంత్రగాడు కాదు, తాయెత్తు కాదు. పౌలాకి ఒక పోలీసు అధికారి, సూజీకి ఒక చిన్నపిల్ల, భార్గవికి ఒక బీద రచయిత, స్వప్నకి కలమ్మ. ‘ఏదీ, ఏమిటో నన్నూ చూడనీ’ అన్న ఒక్క మనిషి దొరికితే సగం చీకటి విడిపోతుంది.

మన ఇళ్ళల్లో మేడమీద చప్పుళ్ళు ఉండకపోవచ్చు. కానీ ‘ఆయన నా జీతం కార్డు తీసుకుని, నేనే ఎక్కడో పడేశానంటున్నారు’ అనే చెల్లెలు ఉండొచ్చు. ‘ఆ అంకుల్ ఇంటికి నేను వెళ్ళను’ అని మొరాయించే పాప ఉండొచ్చు. ‘నా మాత్రలు ఎవరో తీస్తున్నారే’ అని గొణిగే అత్తగారు ఉండొచ్చు. నవ్వి ఊరుకోకండి, అలాగని వెంటనే ఎవరినో దొంగని చేయకండి. లేచి వెళ్ళి చూడండి. పాపని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. అత్తగారి మాత్రలు రోజూ లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి, నాలుగు రోజుల్లో నిజమేదో తేలిపోతుంది.

ఇక ఆ మాటలు పడుతున్నది మీరే అయితే, జరిగిందేమిటో తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి. మీరు నమ్మే ఒక్కరికైనా చెప్పండి. మాటలతో, మనసుని కుంగదీసే ప్రవర్తనతో పెట్టే బాధ కూడా హింసేనని 2005 నాటి గృహహింస చట్టం ఒప్పుకుంది. దెబ్బ తగిలితేనే హింస కాదు. 181 నంబరుకి ఫోన్ చేస్తే మహిళల సహాయ కేంద్రం వాళ్ళు దారి చెబుతారు.

సరే, ఈ శనివారం ఏ సినిమా పెడుతున్నారు? చూశాక, మీ ఇంట్లో ముందుగా దుప్పటి ముసుగేసుకున్నది ఎవరో నాకు రాయడం మరిచిపోకండి. మగవాళ్ళే అయ్యుంటారని నా అనుమానం!